డైకాస్ట్ విమానాల్లో ఏ ఎయిర్‌లైన్స్ దొరుకుతాయి? చూసి ఎంచుకునే పద్ధతి

డైకాస్ట్ విమానాలు, అంటే అచ్చులో లోహం పోసి చేసిన చిన్న నమూనా విమానాలు, సేకరించడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ త్వరలోనే ఒక విషయం అనుభవంలోకి వస్తుంది. ఎమిరేట్స్, లుఫ్తాన్సా, యునైటెడ్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వంటి పేర్లు ఎటు చూసినా కనిపిస్తాయి. తాము మొట్టమొదట ఎక్కిన చిన్న సంస్థ విమానం మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఒక సంస్థ రంగులు ఈ చిన్న లోహపు విమానం మీదికి రావాలంటే తగిన అచ్చు ఉండాలి, ఆ సంస్థ అనుమతి ఉండాలి, కొనేవాళ్లు చాలినంత మంది ఉండాలి, ఆ రంగులు చూడగానే కంటికి ఆనాలి. ఈ నాలుగింటి లెక్క తెలిసినవారు దేన్ని వెంటనే కొనాలో, దేనికోసం ఓపిక పట్టాలో, దేన్ని స్వయంగా తయారు చేసుకోవాలో ముందే గ్రహించగలరు. ఆ లెక్క వేసుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

1. ముందుగా స్కేలు నిర్ణయించుకోండి

మీకు దొరికే ఎయిర్‌లైన్స్ జాబితా మీరు ఎంచుకున్న స్కేలును బట్టి మారుతుంది. స్కేలు అంటే అసలు విమానంతో పోలిస్తే మోడల్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే నిష్పత్తి. ప్రయాణికుల విమానాలకు ఎక్కువగా వాడుకలో ఉన్నవి 1:400, 1:200, 1:500 స్కేళ్లు. పాత జర్మన్ తయారీల్లో 1:600 కూడా తరచు కనిపిస్తుంది. 70.7 మీటర్ల పొడవున్న బోయింగ్ 747-400 విమానం 1:400లో దాదాపు 17.7 సెంటీమీటర్లు, 1:200లో 35 సెంటీమీటర్లు దాటుతుంది. వైవిధ్యం కోరుకునేవారికి నేను 1:400నే సూచిస్తాను. పాతవీ కొత్తవీ కలిపి అత్యధిక సంస్థలు ఈ స్కేలులోనే వచ్చాయి, పైగా ఒక్క బీరువా అరలో ఇరవై విమానాలు సులభంగా అమరుతాయి. ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న టర్బోప్రాప్ విమానాల మీద మక్కువ ఉన్నవారు మాత్రం 1:200 వైపు చూడాలి. ఏటీఆర్ 72 విమానం 1:400లో ఏడు సెంటీమీటర్లకు కూడా రాదు, ప్రొపెల్లర్ రేకులు దారప్పోగుల్లా ఉండి ముట్టుకుంటేనే వంగిపోతాయి.

స్కేళ్లను కలపకండి. నేను తొలి రోజుల్లో ఈ సంగతి పట్టించుకోకుండా ఒకే సంస్థకు చెందిన ఎయిర్‌బస్ ఏ320ని 1:200లోనూ, 747ని 1:400లోనూ కొన్నాను. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టినప్పుడు ఏ320 పొడవు 18.8 సెంటీమీటర్లు, మహాకాయమైన 747 పొడవు 17.7 సెంటీమీటర్లు. ఆ అరను చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. చివరికి ఆ ఏ320ని వేరొకరికి ఇచ్చివేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

2. సంస్థ పేరు కంటే ముందు అచ్చును చూడండి

ఏ సంస్థ మోడల్ వస్తుందో తేల్చే అసలు విషయం ఇక్కడే ఉంది కనుక కొంచెం నిదానంగా చెబుతాను. డైకాస్ట్ విమానం ఒళ్లు సాధారణంగా జమాక్ అనే మిశ్రలోహంతో పోస్తారు. జింకు దానికి ప్రధాన ధాతువు, దానితో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలుస్తాయి. కరిగిన లోహాన్ని అధిక ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపిస్తారు. ఆ ఉక్కు అచ్చును చెక్కించడమే తయారీలో పెద్ద ఖర్చు. దాన్ని రాబట్టుకోవాలంటే తయారీదారు ఒకే అచ్చు నుంచి వచ్చిన విమానానికి పదుల సంఖ్యలో వేర్వేరు సంస్థల రంగులు వేయాలి. అందువల్ల బోయింగ్ 737-800, 777-300ఈఆర్, 787-9, ఎయిర్‌బస్ ఏ320, ఏ350-900 వంటి రకాలను నడిపే సంస్థలకు మోడళ్లు పుష్కలంగా వస్తాయి. ఎవరూ పెద్దగా నడపని విమానాన్ని నడిపే సంస్థ ఎంత పేరున్నదైనా వేచి ఉండవలసిందే.

ఇక్కడొక మినహాయింపు ఉంది. విమానమే జనం గుండెల్లో స్థానం సంపాదించుకుంటే నడిపిన సంస్థలు కొద్దిమందే అయినా అచ్చు పుడుతుంది. ధ్వని కంటే వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానాలు క్రమబద్ధమైన సేవలోకి వచ్చినవి 14 మాత్రమే, వాటిని బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఫ్రాన్స్ చెరో ఏడు నడిపాయి. అయినా కాంకార్డ్ లేని సేకరణ అరుదు. ఒక విమానానికి ఎడమ వైపు సింగపూర్ ఎయిర్‌లైన్స్ రంగులు, కుడి వైపు బ్రిటిష్ ఎయిర్‌వేస్ రంగులు వేసి నడిపారు. 1996లో ఒక ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్‌కు శీతల పానీయం ప్రచారం కోసం కొద్ది రోజులు నీలి రంగు పూశారు. బ్రానిఫ్ సంస్థ 1979, 1980 సంవత్సరాల్లో అమెరికా లోపల కాంకార్డ్ సర్వీసు నడిపినా తన రంగులు మాత్రం ఎప్పుడూ వేయలేదు. కాబట్టి బ్రానిఫ్ రంగుల్లో కాంకార్డ్ ఎక్కడైనా కనిపిస్తే అది ఊహ అని తెలుసుకుని తీసుకోండి.

అచ్చు ఉందని తెలిశాక ఇంకొక అడుగు లోపలికి వెళ్లాలి. ఒకే రకం విమానానికి వేర్వేరు సంస్థలు వేర్వేరు ఇంజన్లు ఎంచుకుంటాయి. 747-200లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు ఉన్నవీ, జనరల్ ఎలక్ట్రిక్ ఇంజన్లు ఉన్నవీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్, క్వాంటాస్, కేథే పసిఫిక్ వంటి సంస్థలు తీసుకున్న రోల్స్ రాయిస్ ఇంజన్లవీ ఉన్నాయి. ఈ మూడింటి తొడుగుల ఆకారాలు వేరు. తయారీదారు దగ్గర ఒకే రకం ఇంజన్ అచ్చు ఉంటే, మిగతా ఇంజన్లు వాడిన సంస్థలను వదిలివేయాలి, లేదా తప్పు ఇంజన్లతోనే విడుదల చేయాలి. రెండూ జరిగాయి. ఏ320కి రెక్కల చివర పైకి లేచిన షార్క్‌లెట్లు ఉన్నాయా, పాత తరహా చిన్న బాణపు మొనలు ఉన్నాయా అన్నది కూడా ఇలాగే చూడాలి. 737-800కు వింగ్‌లెట్ (రెక్క చివరి మొన) ఒకే కొమ్మగా పైకి లేచిందా, పైకీ కిందికీ చీలిందా అన్నది మరొకటి. మీకు కావలసిన సంస్థ ఆ ఏడాది ఏ రూపంలో నడిపిందో తెలియకుండా కొంటే, కొన్నాళ్లకు అసలు విమానం ఫొటో చూసినప్పుడు బాధపడతారు.

3. మీరు కోరుకునే సంస్థ ఏ కోవకు చెందుతుందో గుర్తించండి

మొదటి కోవ ఎప్పుడూ దొరికేవి. సేకరించేవాళ్లు అధికంగా ఉన్న దేశాల పెద్ద సంస్థలూ, ప్రపంచమంతటా ఎగిరే సంస్థలూ ఇందులోకి వస్తాయి. అమెరికా నుంచి యునైటెడ్, డెల్టా, అమెరికన్, సౌత్‌వెస్ట్, ఐరోపా నుంచి లుఫ్తాన్సా, కేఎల్ఎమ్, ఎయిర్ ఫ్రాన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఆసియా వైపు నుంచి ఏఎన్ఏ, జపాన్ ఎయిర్‌లైన్స్, సింగపూర్, కేథే పసిఫిక్, గల్ఫ్ నుంచి ఎమిరేట్స్, ఖతార్ వీటిలో ముఖ్యమైనవి. విమాన సంస్థలకు అప్పగించిన మొత్తం 251 ఏ380 విమానాల్లో 123 ఎమిరేట్స్ ఒక్కటే తీసుకుంది కాబట్టి, ఏ380 అనగానే ఆ సంస్థ మోడల్ ముందుగా రావడంలో ఆశ్చర్యం లేదు. ఈ కోవలోని వాటికోసం తొందరపడవద్దు. ఒకటి చేజారినా కొన్నాళ్లకు ఇంకొక రిజిస్ట్రేషన్‌తో, అంటే విమానం ఒంటి మీద రాసే మరో గుర్తింపు సంఖ్యతో, మళ్లీ వస్తుంది.

రెండో కోవ మూతపడిన సంస్థలు. నా దృష్టిలో ఈ అభిరుచికి ప్రాణం ఇదే. ప్యాన్ అమెరికన్ 1991 డిసెంబరు 4న ఆగిపోయింది, బ్రానిఫ్ 1982లో, సబేనా 2001లో మూతపడ్డాయి. టీడబ్ల్యూఏ 2001లో అమెరికన్‌లో కలిసిపోయింది, స్విస్ఎయిర్ 2002లో చివరిసారి ఎగిరింది. ఈ రంగులు ఇప్పుడు విమానాశ్రయాల్లో దాదాపు కనిపించవు కనుక, వాటిని చూడగలిగే చోటు చాలావరకు ఈ చిన్న మోడళ్లే. కొనేవాళ్లు తమ బాల్యాన్ని, తల్లిదండ్రుల ఉద్యోగాలను, ఒక ప్రయాణాన్ని గుర్తుచేసుకుంటూ కొంటారు. ప్యాన్ అమెరికన్ మోడల్ తీసుకునేటప్పుడు ముక్కు దగ్గర ఉండే ‘క్లిప్పర్’ పేరును తప్పక చదవండి. 1970 జనవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు 747 మొదటి ప్రయాణానికి సిద్ధం చేసిన విమానం ఇంజన్ వేడెక్కడంతో ఆగిపోగా, దాని బదులు ‘క్లిప్పర్ విక్టర్’ అనే విమానం బయలుదేరింది. ఆ చారిత్రక విమానమే కావాలనుకుంటే ఎన్736పీఏ అనే రిజిస్ట్రేషన్ చూసి తీసుకోవాలి.

మూడో కోవ ప్రత్యేక లివరీలు. లివరీ అంటే విమానం ఒంటి మీది రంగులు, పట్టీలు, పేరు, గుర్తు కలిసిన మొత్తం అలంకరణ. క్వాంటాస్ 1994లో ఆదివాసీ చిత్రకళతో ఎర్రగా మెరిసే ‘వునాలా డ్రీమింగ్’ 747ను ఎగరేసింది. ఏఎన్ఏ హొనొలులు మార్గానికి కొన్న మూడు ఏ380లకు నీలం, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో సముద్రపు తాబేళ్లను వేయించింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2019లో తన నూరేళ్ల సందర్భంగా ఒక 747కు తన పూర్వ సంస్థ బీఓఏసీ రంగులు పూయించింది. తయారీదారులకు ఇవి చాలా ఇష్టమైనవి. అచ్చు పాతదే, రంగులు కొత్తవి, కొనేవారు ఆ సంస్థ అభిమానులతో ఆగరు. అయితే చిన్న సంస్థకు కూడా ఈ దారిలో అవకాశం దొరుకుతుంది. మామూలు తెల్లటి విమానంతో ఎవరి దృష్టినీ ఆకర్షించని సంస్థ ఒక్క అందమైన లివరీతో మోడళ్లలోకి ప్రవేశించగలదు. ప్రత్యేక లివరీలు సాధారణంగా ఒకసారే వస్తాయి, ఆలస్యం చేయకండి.

సరుకు రవాణా సంస్థలు వేరే లోకం. ఫెడెక్స్, యూపీఎస్, కార్గోలక్స్, అట్లాస్ ఎయిర్ మోడళ్లకు నమ్మకమైన అభిమానులు ఉన్నారు. తలుపులు తెరిచి ఉంచగలిగే మోడళ్లు కూడా ఈ విభాగంలో వచ్చాయి. 2023 జనవరి 31న బోయింగ్ అప్పగించిన చిట్టచివరి 747 కూడా అట్లాస్ ఎయిర్‌దే.

ఇక అరుదుగా దొరికేవి. ప్రాంతీయ టర్బోప్రాప్ సంస్థలు, విమానాలను అద్దెకు నడిపే చార్టర్ సంస్థలు, రెండు మూడేళ్లలో మూతపడినవి, ఆఫ్రికా, మధ్య ఆసియా దేశాల చిన్న సంస్థలు ఈ కోవలోకి వస్తాయి. వీటి మోడల్ ఎప్పుడైనా కనిపిస్తే అది ఒకే విడుదల అని భావించి నిర్ణయం తీసుకోండి.

4. చీటీ రాసుకోండి

కావలసిన ప్రతి విమానానికీ ఒక చీటీ రాయండి. అందులో సంస్థ, విమానం ఉపరకం, ఇంజన్, లివరీ కాలం, రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘లుఫ్తాన్సా 747’ అని రాస్తే సరిపోదు. తోక మీద పసుపు వలయంలో కొంగ ఉన్న పాత రంగులా, 2018 నుంచి వచ్చిన ముదురు నీలం తోకా, లేక పాత రోజులను తలపించేలా డి-ఏబీవైటీ అనే 747-8కి వేసిన రెట్రో రంగులా అన్నది స్పష్టం కావాలి. యునైటెడ్ విషయంలో ఇది మరీ అవసరం. 2010లో కాంటినెంటల్ అందులో కలిశాక, కాంటినెంటల్ తోక మీది గోళం అలాగే ఉండి దేహం మీద యునైటెడ్ పేరు వచ్చింది. దూరం నుంచి చూస్తే రెండు సంస్థల మోడళ్లు కవలల్లా ఉంటాయి.

రిజిస్ట్రేషన్ ముందు భాగం దేశాన్ని చెబుతుంది. ఎన్ అంటే అమెరికా, జీ బ్రిటన్, డీ జర్మనీ, జేఏ జపాన్, వీటీ భారత్, వీహెచ్ ఆస్ట్రేలియా, 9వీ సింగపూర్, ఏ6 యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్. ఆ అక్షరాలు చేతిలో ఉంటే ఆ ఒక్క విమానం ఫొటోలు వెతికి, ఏ సంవత్సరంలో ఏ రంగులో ఉందో సరిచూసుకోవచ్చు. మోడల్ సరైనదా కాదా అని తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన దారి నాకు కనిపించలేదు.

5. ఎవరు తయారు చేస్తారో తెలుసుకోండి

సంస్థల పేర్లు, గుర్తులు వారి ట్రేడ్‌మార్కులు కనుక తయారీదారు సాధారణంగా అనుమతి తీసుకోవాలి. ఒక తయారీదారుకు అనుమతి ఇచ్చిన సంస్థ మరొకరికి ఇవ్వకపోవచ్చు. అందుకే కొన్ని సంస్థల మోడళ్లు ఎప్పుడూ ఒకే కంపెనీ పెట్టెలో వస్తాయి. జర్మనీకి చెందిన హెర్పా 1:500 స్కేలుకు పేరు పొందింది. అమెరికాకు చెందిన జెమినీ జెట్స్ 1:400లోనూ, 1:200లోనూ చేస్తుంది. ఏరోక్లాసిక్స్ పాతకాలపు సంస్థల మీద శ్రద్ధ పెడుతుంది, మూతపడిన చిన్న సంస్థలు కావలసినవారు మొదట అక్కడ వెతకాలి. ఇన్‌ఫ్లైట్200 పేరులోనే స్కేలు ఉంది. ఫీనిక్స్, జేసీ వింగ్స్, ఎన్‌జీ మోడల్స్ 1:400లో విరివిగా విడుదల చేస్తాయి. డ్రాగన్ వింగ్స్, షాబాక్ పాత మోడళ్లు ఇప్పుడు చేతులు మారే సరుకుల్లోనే దొరుకుతాయి. ఈ అభిరుచి మూలాలు ఇంకా వెనక్కి వెళతాయి: డింకీ టాయ్స్ 1934లోనే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాన్ని చిన్న లోహపు బొమ్మగా తెచ్చింది.

అంత పాతవి కొనేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. ఆ కాలపు జింకు మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిస్తే లోహం లోపలి నుంచి ఉబ్బి, పగిలి, చివరికి పొడిగా రాలిపోతుంది. రెక్క మూలంలో వెంట్రుక మందం పగుళ్లు ఉన్నా, ఒళ్లు కాస్త వంకర తిరిగి ఉన్నా ఆ మోడల్‌ను వదిలివేయండి. దానికి మందు లేదు.

6. ప్రకటన వెలువడిన రోజే నిర్ణయించుకోండి

తయారీదారులు రాబోయే విడుదలలను ముందుగా ప్రకటించి ప్రీ-ఆర్డర్లు తీసుకుంటారు. ఒక్కో మోడల్ తరచు కొన్ని వందల ప్రతుల్లోనే వస్తుంది. ప్రకటన రాగానే మీ చీటీల కట్ట తీసి, సంస్థ ఏ కోవదో చూడండి. మొదటి కోవదైతే ఆగండి. రెండు, మూడు కోవలవైతే, లేదా అరుదుగా దొరికేవైతే అదే రోజు బుక్ చేసుకోండి. ప్రకటనలో చూపే బొమ్మ చాలాసార్లు కంప్యూటర్‌లో గీసినదే, కాబట్టి ఇంజన్, వింగ్‌లెట్ విషయాలు మాటల్లో రాసి ఉన్నాయేమో చదవండి. చేతులు మారిన మోడల్ కొనేటప్పుడు తోక, ముక్కు, రెండు వైపులా, అడుగు భాగం, చక్రాలు కనిపించే ఫొటోలు అడగండి. యాంటెన్నాలు, చక్రాల కాళ్లు విరిగాయేమో తప్పక అడగాలి.

7. చేతికి వచ్చాక దగ్గరగా పరిశీలించండి

విమానాన్ని రెక్కలు పట్టుకుని ఎత్తకండి, ఒళ్లు మధ్యలో రెండు వేళ్లతో పట్టుకోండి. పగటి వెలుగులో భూతద్దం పెట్టి, ముక్కు నుంచి తోక దాకా నెమ్మదిగా చూడండి. ఈ రంగులు, అక్షరాలు చాలావరకు ప్యాడ్ ప్రింటింగ్ అనే పద్ధతిలో పడతాయి. మెత్తని సిలికోన్ గుబ్బ సిరాను చెక్కిన పలక మీది నుంచి ఎత్తి, గుండ్రని లోహం మీద ఒత్తుతుంది. ప్రతి రంగుకూ ఒక ఒత్తు. ఒక్క ఒత్తు అర మిల్లీమీటరు పక్కకు జరిగినా కిటికీల వరుస, దాని వెంబడి సాగే పట్టీ కలవవు.

దీనికి ఎయిర్ ఇండియా పాత 747ను మించిన పరీక్ష లేదని నేను నమ్ముతాను. 1971లో ‘ఎంపరర్ అశోక’ పేరుతో వచ్చిన మొదటి విమానం నుంచి, ప్రతి కిటికీ చుట్టూ ఎర్రని జరోకా (రాజమహళ్ల కిటికీ) తోరణం ఉండేది. 1:400లో ఒక్కో కిటికీ ఒక మిల్లీమీటరు ఎత్తు కూడా ఉండదు. దాని చుట్టూ తోరణం గీత, ఆ పక్కనే మరొక తోరణం, ఇలా ఒళ్లు పొడవునా వరుసగా సాగాలి. చక్కని ముద్రణలో అవి ఎర్రని అల్లికలా విడివిడిగా కనిపిస్తాయి. నాసిరకంలో అలికినట్టుండి, ఒకే ఎర్ర పట్టీగా మారిపోతాయి. నా దగ్గర ఉన్న ఈ మోడల్‌ను కిటికీ దగ్గర పెట్టి చూసిన మొదటి ఉదయం అరగంట పాటు అక్కడి నుంచి కదలలేకపోయాను.

మరొక కఠినమైన పరీక్ష 2013కు ముందటి అమెరికన్ ఎయిర్‌లైన్స్. ఆ విమానాలకు చాలావరకు రంగు వేయకుండా, మెరుగు పెట్టిన అల్యూమినియం ఒళ్లునే ఉంచేవారు. మోడల్‌లో దాన్ని వెండి రంగుతో చూపితే బూడిద పూసినట్టుంటుంది, అద్దంలా మెరిపిస్తే చిన్న గీత కూడా దాగదు. కొనేముందు ఎలాంటి మెరుగు పెట్టారో తప్పక తెలుసుకోండి.

8. దొరకని సంస్థ కావాలంటే

కొన్నేళ్లు గడిచినా మీ సంస్థ రాకపోతే, అదే రకం విమానంలో తెల్లగా ఉన్న మోడల్ లేదా చవకగా దొరికిన మరో సంస్థ మోడల్ తీసుకుని, డెకాళ్లతో మార్చుకోవచ్చు. ఇంజన్లు, వింగ్‌లెట్లు మీకు కావలసినవే అయి ఉండాలని మరవకండి. డెకాల్ అంటే నీటిలో నానబెట్టి జార్చి అతికించే పల్చని ముద్రిత పొర. పాత రంగు తీయడానికి అసిటోన్ వాడేవారు గాలి బాగా ఆడే చోట, చేతి తొడుగులతో, మంటకు దూరంగా పనిచేయాలి. అంతకు ముందే ప్లాస్టిక్ భాగాలను విడదీయాలి, లేకపోతే అవి కరిగిపోతాయి. లోహానికి ముందు ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే తొలిపూత), ఆ తర్వాత అసలు రంగు పలుచని పూతలుగా వేసి, ఒక్కో పూతా పూర్తిగా ఆరేదాకా ఆగండి. పేరు, గుర్తు, రిజిస్ట్రేషన్ డెకాళ్లను తోక వైపు నుంచి మొదలుపెట్టి అతికించండి. తోక మీది గుర్తు స్థిరపడితే, దాని గీత ఒళ్లు మీదికి ఎక్కడ దిగుతుందో అసలు విమానం ఫొటోతో పోల్చి సరిచూసుకోవచ్చు. చివరగా పారదర్శక వార్నిష్ పలుచగా పట్టించండి.

పూర్తయిన విమానాన్ని ఎండ తగలని, తేమ లేని గాజు అరలో ఉంచండి. ఎండకు ఎర్ర రంగులు త్వరగా వెలిసిపోతాయి. కొన్న మోడళ్ల పెట్టెలను దాచండి, వాటి మీది చీటీలో సంస్థ, రకం, రిజిస్ట్రేషన్ ముద్రించి ఉంటాయి. మీరు స్వయంగా తయారు చేసిన విమానానికి కూడా అలాంటి చీటీ ఒకటి రాసి, స్టాండ్ అడుగున అతికించండి: సంస్థ పేరు, రిజిస్ట్రేషన్, ఏ అచ్చు మీద చేశారు, ఏ తేదీన ముగించారు.